అన్నిటికీ ఒకటే తారీఖు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. వచ్చిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు: "ఫోన్లు లేనప్పుడు స్టోరు ఎట్లా నడిపేవాళ్లు సార్?" అడిగే తీరు చూస్తే మేమేదో ఆకులు కట్టుకుని, చెకుముకి రాయి కొట్టుకుంటూ దుకాణం నడిపామనుకుంటారు. కళ్లతో నడిపాం నాయనా. ముఖం మీద రెండుంటాయి, వాటితో. ఆ రెండింటినీ ఉద్యోగం చివరి ఏడాదిలో ఒక ఫోనుకు ఒప్పజెప్పి నేనెట్లా గుడ్డివాణ్ణయ్యానో చెప్తాను, వినండి. వినేటప్పుడు నా మీద జాలి పడొద్దు. జాలిపడాల్సిన పని నేనేమీ చేయలేదు.

నేను ఒక సహకార సంఘం దుకాణంలో స్టోర్ కీపర్‌ని. టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఉండేది మా దుకాణం. ఒకప్పుడు బొగ్గుబాయి కార్మికుల కోసం పెట్టారు. తర్వాత బాయి మూతపడింది, కార్మికులను వేరే బాయిలకు మార్చారు, దుకాణాన్ని మార్చడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అందుకని అది అక్కడే ఉండిపోయింది, అందులో నేనూ ఉండిపోయాను. చుట్టుపక్కల గూడేల వాళ్లూ తండాల వాళ్లూ సబ్బు నుంచి పిల్లల పాలపొడి దాకా మా దగ్గరే కొనేవాళ్లు. ఇంకో దుకాణం కావాలంటే ఆటో ఎక్కాలి.

దుకాణంలో మేమిద్దరమే. నేనూ, ప్యాకర్‌గా పనిచేసే ఒకావిడా, పిలుపుకు అక్క. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. భర్త బాయిలో పనిచేస్తూ జబ్బుపడి పోయాక ఈ పనిలో పెట్టుకున్నారు. పర్మినెంట్ కాదు. ఇరవై ఏళ్లు చేసినా "రేపటి నుంచి రాకు" అంటే ఆగిపోయే ఉద్యోగం. తెలుగు కూడబలుక్కుని చదివేది, అంకెలు మాత్రం గద్ద చూసినట్టు చూసేది. ఆదివారం చర్చికి పోయేది, సోమవారం అరలు తుడిచేది. "ఐతారం దేవునికి, సోమారం డబ్బాలకు" అనేది. తుడవడమంటే పైపైన గుడ్డ విసరడం కాదు. వేరే బాయిల నుంచి మా రోడ్డున పోయే బొగ్గు లారీలు లేపిన దుమ్ము డబ్బా డబ్బా మీద పేరుకుని ఉండేది. ఒక్కొక్క డబ్బా దించి, తడిగుడ్డతో తుడిచి, తిరగేసి అడుగున తారీఖు చూసి, ముందు చెడిపోయేది ముందుకూ తర్వాత చెడిపోయేది వెనక్కూ పెట్టేది. సరుకొచ్చిన అట్టపెట్టెల మీద కూడా ఎర్ర పెన్సిలుతో పెద్ద అక్షరాలతో తారీఖు రాసేది. తారీఖు దాటిన వస్తువు ఆమె చెయ్యి దాటి బయటికి పోయింది నేనెప్పుడూ చూడలేదు. దానికి ఎవరూ శాలువా కప్పలేదు. మన దగ్గర శాలువాలు వేరే పనులకు కప్పుతారు.

ఆ ఏడాది ఎండాకాలానికి ముందు ఖమ్మం నుంచి మా ఏరియా సూపర్‌వైజర్ ఒక స్మార్ట్‌ఫోను పట్టుకొచ్చాడు. నా కొడుకు వయసువాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, చెదరని నమ్మకం. ఇకమీదట ప్రతి వస్తువు మీదున్న గీతలను, అదే బార్‌కోడును, ఫోను కెమెరాకు చూపించాలట. ఫోను ట్రింగ్ అంటుంది. పచ్చ టిక్కు వస్తే మంచిది, అమ్మాలి. ఎర్రది వస్తే ఆపాలి.

"అంతేనా సార్?" అన్నాను.

"అంతే. ఇంక మీరు బుర్ర వాడాల్సిన పనే లేదు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ ఒక్క మాట మాత్రం అక్షరాలా జరిగింది.

ఆ గీతల్లో ఏముంటుందో మాకెవరూ చెప్పలేదు. అడగడానికి నాకు నామోషీ. చాలా రోజుల తర్వాత తెలిసింది, మామూలుగా వాటిలో ఉండేది ఆ వస్తువు నంబరు ఒక్కటేనని. ఫలానా కంపెనీ ఫలానా సైజు డబ్బా, అంతవరకే. నిన్న తయారైన డబ్బాకూ నాలుగేళ్ల కిందటి డబ్బాకూ అవే గీతలు. లోపలున్నది పాలపొడో పురుగుల పొడో ఆ గీతలకు తెలియదు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, పచ్చ టిక్కులో మంచి అంత. కానీ సారు "పచ్చ వస్తే మంచిది" అన్నాడు కదా. పేరు దొరికిందనే అర్థంలో ఆయన అన్నాడు, సరుకు బాగుందనే అర్థంలో మేం విన్నాం. నెల తిరక్కుండా ఆ మాట కొనేవాళ్ల నోట కూడా పడింది. "పచ్చొచ్చిందా?" అని అడిగి మరీ తీసుకుపోయేవాళ్లు.

ఒకనాడు లోపలి గూడెం నుంచి ఒక ముసలమ్మ సబ్బు కోసం వచ్చింది. నేను కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఫోను పట్టుకుని, "గీతలు చూపియ్యాలె అవ్వా" అన్నాను. ఆమె సబ్బు కింద పెట్టి, కొంగుకు బొటనవేలు తుడుచుకుని నా ముందు పెట్టింది. రేషన్ షాపులో గీతలంటే వేలిగీతలే కదా మరి.

"పడయి బిడ్డా. రేషను కాడ గూడ పడయి. అరిగినయ్" అంది.

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. సబ్బు తీసి ఆమె చేతిలో పెట్టి, "అరిగినదాన్ని ఎవ్వలు నమ్మరే అవ్వా" అని మాత్రం అంది. ఆ మాటను నేనప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్తాను. సరుకు వచ్చినప్పుడు ఫోనులో మూడు గడులు నింపాలి. గీతలు చూపించాలి, ఎన్ని వచ్చాయో కొట్టాలి, చెడిపోయే తారీఖు పెట్టాలి. మొదటి రెండూ తేలికే. మూడో దాని దగ్గర ఒక క్యాలెండరు తెరుచుకునేది. దాన్ని నెల నెలా వేలితో తోసుకుంటూ పోవాలి. మా దగ్గర నెట్‌వర్కు దయ్యంలాంటిది, ఉందంటారు కానీ కనపడదు. సగం దూరం తోశాక క్యాలెండరు మళ్లీ మొదటికి వచ్చేది. తారీఖు పెట్టకపోతే ముందుకు కదలదు. ఒక్క పెట్టెడు బిస్కెట్లకు నాకొక పూట పట్టింది. పక్క మండలంలో ఇంకో స్టోర్ కీపర్ ఉన్నాడు, తెలివైనవాడు, అంటే పని తప్పించుకోవడంలో నాకంటే ముందున్నవాడు. మా వాట్సాప్ గ్రూపులో ఉపాయం పెట్టాడు. పైన ఏడాది అంకె మీద రెండుసార్లు వేలు కొడితే క్యాలెండరు నేరుగా వచ్చే ఏడాది డిసెంబరు ముప్ఫై ఒకటికి దూకుతుందట.

దూకింది. మేమందరం దానితోపాటు దూకాం. ఆ రోజు నుంచి మా ఏరియాలో సబ్బుకూ సేమ్యాకూ దగ్గు బిళ్లకూ పిల్లల పాలపొడికీ ఒకటే చావు ముహూర్తం. ఉద్యోగుల గుర్తింపు కార్డులు కూడా ఆ ఫోనులోనే ఎక్కించాలన్నారు. వాటికీ గీతలుండేవి, వాటికీ ఎప్పటివరకు చెల్లుతుందో తారీఖు అడిగింది. నాకూ అక్కకూ కూడా డిసెంబరు ముప్ఫై ఒకటే కొట్టేశాను. మా స్టోరు అన్నిటికంటే ముందు పని పూర్తి చేసిందని గ్రూపులో సారు చప్పట్ల బొమ్మలు పెట్టాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ బొమ్మలను మా ఆవిడకు చూపించాను.

అక్కకు చూపిస్తే వేరే ప్రశ్న వేసింది.

"తారీఖులు గూడ ఎక్కించినవా సారూ? గింత జల్దీ?"

"ఎక్కించిన."

"డబ్బాలు దించిన సప్పుడే ఇనబడలే నాకు" అంది.

నేను వేరే పని ఉన్నట్టు బయటికి పోయాను.

తర్వాత ఇంకో రెండు హుకుములొచ్చాయి. ఫోనే అన్నీ చూసుకుంటుంది కాబట్టి సోమవారం తుడవడం బంద్, ఆ రోజు కూడా పొద్దంతా అమ్మకమే. రెండోది, పాత అట్టపెట్టెలు మేం పైకి పంపే ఫోటోల్లో వికారంగా కనపడుతున్నాయి కాబట్టి తీసేయాలి. ఎర్ర పెన్సిలు రాతలతో సహా పెట్టెలన్నీ పోయాయి. అక్క మాత్రం సోమవారం పొద్దున్నే, తలుపు తీయకముందే వచ్చి తుడుచుకునేది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అదే నేను ఆమెకు చేసిన పెద్ద ఉపకారమని అప్పట్లో అనుకున్నాను.

ఇక ఆ రోజు. వానాకాలం. నాకు రిటైర్‌మెంటుకు నాలుగు నెలలుంది. సారు కారులో వచ్చాడు, వెంట వీడియో తీసే మనిషి. అడవి అంచున ఉన్న దుకాణంలో కూడా ఫోనుతోనే అంతా నడుస్తోందని చూపించే వీడియో అట. ఆదర్శ స్టోరు మాదే. నేను కొత్త చొక్కా వేసుకున్నాను.

సారు ఫోను చూసుకుంటూ అరలన్నీ తిరిగాడు. పిల్లల పాలపొడి దగ్గర ఆగాడు. ఫోనులో పన్నెండు డబ్బాలున్నాయి. అరలో ఒక్కటీ లేదు.

"ఏవి?" అన్నాడు.

నాకు తెలియదు. అక్క ముందుకొచ్చింది.

"నేనే తీసి లోపట పెట్టిన సారూ. తారీఖు అయిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"డబ్బా మీద ఉంటది గదా. పోయిన ఎండకాలంల్నే అయిపోయినయ్. వాపసు పంపాలె."

సారు ఒక డబ్బా తెప్పించి తిరగేశాడు. అడుగున నెల కనపడుతోంది, ఏప్రిల్. ఏడాది దగ్గరికి వచ్చేసరికి చివరి అంకె లేదు. వారం వారం తుడిచిన తడిగుడ్డకు అరిగిపోయి, నల్లటి మరక మిగిలింది. పోయిన ఏప్రిలో, వచ్చే ఏప్రిలో దేవుడికే తెలియాలి. పన్నెండింటిలో ఏ ఒక్కదాని మీదా సరిగ్గా లేదు. ఎర్ర పెన్సిలుతో రాసి పెట్టిన పెట్టె ఎక్కడుందో మీకు తెలుసు.

"ఏ సంవత్సరం ఉందమ్మా ఇక్కడ? చదువు" అన్నాడు.

"ఇప్పుడు అరిగింది సారూ. వచ్చిన్నాడు నేను చూసిన. పెట్టె మీద గూడ రాసిన."

"పెట్టె ఏది?"

"మీరే తీసెయ్యమంటిరి."

ఆ జవాబు వీడియో మనిషికి నవ్వు తెప్పించింది. సారుకు కోపం తెప్పించింది. డబ్బా గీతలు ఫోనుకు చూపించాడు. ట్రింగ్. పచ్చ టిక్కు. కింద తారీఖు: వచ్చే ఏడాది, డిసెంబరు ముప్ఫై ఒకటి.

"చూశావా? ఇంకా ఏడాదికి పైగా ఉంది. సిస్టమ్ చెప్పేది నిజమా, నువ్వు చెప్పేది నిజమా? తుడవొద్దంటే తుడిచి, కంపెనీ వేసిన తారీఖులు చెరిపేసి, పైగా మంచి సరుకు దాచిపెడతావా?"

అక్క ఫోను వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఆ తారీఖు ఎవరు పెట్టారో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆమెకు అనుమానం, నాకు రూఢి.

"స్టోర్ కీపర్ గారూ, మీరు చెప్పండి" అన్నాడు సారు.

పిల్లలూ, ఇక్కడ ఆగండి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నన్నెవరైనా నిజంగా అవసరపడి అడిగిన ప్రశ్న అదొక్కటే. చెప్పాల్సింది మూడు మాటలు: "అది నేను పెట్టింది." దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, నేను అన్నదేమిటంటే, "ఫోన్‌లో అయితే పచ్చే ఉంది సార్."

అబద్ధం కాదు చూడండి. అందుకే ఇంకా నీచంగా ఉంటుంది.

అక్క లోపలికి పోయింది. మేం టీ పెట్టుకునే స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. కాసేపటికి స్టీలు గ్లాసుతో వచ్చింది. డబ్బా మూత తీసి, అందులోనే ఉన్న చెంచాతో పొడి వేసి, వేడినీళ్లలో కలిపి సారు ముందు పెట్టింది.

"పచ్చొచ్చింది గదా సారూ. తాగుండ్రి."

"ఏంటిది?"

"మంచిదే గదా. మూడు నెలల పోరగాడు తాగుతడు, మీరు తాగలేరా?"

సారు గ్లాసు వంక చూశాడు. తనకు పాలు పడవన్నాడు. అంతకు గంట ముందు మా టీ తాగి బాగుందన్నవాడు. అక్క వీడియో మనిషి వైపు చూసింది. అతనికి ఫోనొచ్చింది, మోగకుండానే. అప్పుడు గ్లాసు నా వైపు జరిపింది.

"నువ్వు తాగు సారూ."

ఆమె నన్ను ఇరికించాలని పెట్టలేదు. నాకొక దారి ఇచ్చింది. తాగను అంటే చాలు, నిజం చెప్పినట్టే. నాకు నోరు కూడా తెరవాల్సిన పని లేకుండా చేసింది.

నేను గ్లాసెత్తి తాగాను.

మొత్తం తాగాను. అట్టముక్క నానబెట్టిన నీళ్లలా ఉంది, చివర్న చేదు. నిజం చెప్పడం కంటే అదే తేలికనిపించింది. మూతి తుడుచుకుని, "బాగానే ఉంది" అని కూడా అన్నాను. ఎవరూ అడగలేదు ఆ మాట, నేనే కలిపాను.

సారు ముఖం వెలిగిపోయింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం, ఆయనకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. డబ్బాలన్నీ అరలో పెట్టమన్నాడు. అక్కతో, "నువ్వు రేపటి నుంచి రానక్కర్లేదమ్మా. సరుకు పాడు చేశావని రాయకుండా వదిలేస్తున్నాను, సంతోషించు" అన్నాడు.

ఆమె బతిమాలలేదు. భుజం మీదున్న తుడిచే గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, నా ముందు బల్ల మీద ఉంచింది. గ్లాసు కడిగి బోర్లించి పోయింది. ఇరవై ఏళ్ల ఉద్యోగం అట్లా ముగిసింది. నేను తల వంచుకుని ఫోను చూస్తున్నాను. అందులో చూడటానికి ఏమీ లేదు.

అర్ధగంటయిందో లేదో, వానలో తడుస్తూ ఒక బాలింత వచ్చింది. వెంట తల్లి, కొంగు కింద పసిగుడ్డు. పాలు చాలడం లేదని దవాఖానలో డాక్టరమ్మ చీటీ రాసిచ్చిందట. చీటీలో ఉన్నది సరిగ్గా ఆ పాలపొడే. సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇదే కావాలి! తీయండి, తీయండి. మీరు మామూలుగా స్కాన్ చేసి ఇవ్వండి, నవ్వుతూ."

వీడియో నడుస్తోంది. నేను డబ్బా తీసుకుని గీతలు చూపించాను. ట్రింగ్. బాలింత తల్లి మెడ చాచి ఫోనులోకి చూసి, "పచ్చొచ్చిందే బిడ్డా" అని కూతురికి చెప్పింది. కూతురు చేయి చాపింది. కొంగు కింద ఆ పసిది తన పిడికిలి తనే చీకుతూ ఉంది, చప్పుడు వినిపిస్తోంది. నా నోట్లో ఆ చేదు ఇంకా పోలేదు.

నాకు ధైర్యం వచ్చిందని చెప్పాలని ఉంది. రాలేదు. నా చేయి డబ్బాను వదల్లేదు, అంతే. ఆమె లాగింది, నేను వదల్లేదు. ఆమె బిత్తరపోయి చూసింది.

"ఇది వద్దు తల్లీ. ఇది చెడిపోయింది" అన్నాను.

"పచ్చొచ్చింది గదా?"

"పచ్చ అబద్ధం. ఆ తారీఖు నేను పెట్టిన. డబ్బా చూడకుంట, ఉత్తగనే పెట్టిన."

వీడియో ఆగింది. సారు నన్ను లోపలికి లాక్కుపోయాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్నింటికి పెట్టారు ఇట్లా?"

"అన్నిటికీ సార్."

"మిగతా స్టోర్లలో?"

"వాళ్లూ అంతే సార్. గ్రూపులో ఉపాయం వచ్చింది. మీరు చప్పట్లు పెట్టిన్రు."

నన్ను తిడతాడనుకున్నాను. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను. ఆయన చొక్కా చేతులు సర్దుకుని, "ఈ పన్నెండూ పారేయండి. మిగతావి మెల్లగా సరిచేసుకోండి. పైకి రాయకండి" అన్నాడు.

"మరి అక్క?"

"ఆమెను తీసేసింది తారీఖుల గురించి కాదుగా. తుడవొద్దంటే తుడిచినందుకు."

అంత నున్నగా మాట్లాడగలిగినవాడు ఏరియా సూపర్‌వైజర్ దగ్గరే ఆగిపోడు. ఆగలేదు కూడా, తర్వాత పెద్ద పదవికి పోయాడు. ఆ బాలింతను నేనే ఆటో ఎక్కించి టేకులపల్లి మందుల షాపుకు పంపించాను. పన్నెండు డబ్బాలనూ వెనక గొయ్యి తీసి, పొడి పారబోసి, నీళ్లు కొట్టి పూడ్చాను. ఆదర్శ స్టోరు వీడియో తర్వాత వచ్చింది. అందులో నేను పప్పు ప్యాకెట్టుకు గీతలు చూపిస్తూ నవ్వుతుంటాను. కొత్త చొక్కా బాగానే కనపడింది.

మీరు అనుకుంటారు, మొత్తానికి నిజం చెప్పాడు కదా పెద్దాయన, అని. చెప్పాను. ఎవరి ముందు చెప్పాలో ఆ మనిషి వెళ్లిపోయాక చెప్పాను. రెండు వారాల తర్వాత, అరల మీద దుమ్ము వేలెడు మందం కాగానే సారుకు జ్ఞానోదయమై, అక్కను పిలిపించమని నాకు ఫోను చేశాడు. వెళ్లడానికి మొహం చెల్లక కబురు పంపించాను. ఆమె నుంచి తిరుగు కబురు వచ్చింది: "గుడ్డ ఆడనే పెట్టి వచ్చిన గదా, తుడుసుకోమను."

తుడిచాను. అక్కడ నుంచి ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సోమవారం సోమవారం నేనే దించి, తుడిచి, తిరగేసి, తారీఖులు ఒక్కొక్కటే ఫోనులో మార్చాను. నడుము పడిపోయింది. ఆ పని ఆమె ఇరవై ఏళ్లు చేసిందని నాకు అప్పుడు తెలిసింది. రోజూ పక్కనే కూర్చున్నవాణ్ణి, అప్పటిదాకా తెలియలేదు.

రిటైరైన రోజు నా జాగాలో కొత్తగా వచ్చిన అమ్మాయి నా గుర్తింపు కార్డు వెనక్కి తీసుకుంటూ, అలవాటుగా గీతలు ఫోనుకు చూపించింది. ట్రింగ్. పచ్చ టిక్కు. అరలన్నీ సరిచేశాను కానీ కార్డుల సంగతి మరిచిపోయాను.

"సార్, మీరింకా చెల్లుతరు! వచ్చే ఏడాది డిసెంబరు ముప్ఫై ఒకటి దాక" అని నవ్వింది అమ్మాయి. సంఘం ఆఫీసు నుంచి వచ్చినవాళ్లందరూ నవ్వారు. నాకు శాలువా కప్పారు.

ఆ మర్నాడు శాలువా ఇంట్లో పడేసి అక్క ఇంటికి పోయాను. పాత కార్మికుల క్వార్టర్ల వెనక రెండు గదుల ఇల్లు. అప్పటికి ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. వాకిట్లో కూర్చుని, బడికి వచ్చిన నూనె ప్యాకెట్లు ఒక్కొక్కటి తిరగేసి చూస్తోంది. నన్ను చూసి కుర్చీ చూపించింది.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను. తారీఖు నేనే పెట్టానని, ఆ రోజు నోరు పెగలలేదని, ఆమె పోయాక చెప్పానని, తప్పయిందని.

"ఇన్న" అంది. "ఆ బాలింత తల్లి మా చర్చికే వస్తది. నువ్వు డబ్బా ఇయ్యలేదంట గదా. మంచిపని చేసినవ్."

అంతే అంది. నాకు అది చాలలేదు. ఇంకేదో కావాలి, క్షమించానని అనాలి, లేదా నాలుగు తిట్టాలి. ఆమెను నవ్వించాలని కార్డు సంగతి చెప్పాను. రిటైరైనా ఫోను నాకు పచ్చ చూపించిందని, దాని ప్రకారం నేనింకా ఏడాది పైన చెల్లుతానని.

అక్క నవ్వలేదు. చేతిలో ఉన్న ప్యాకెట్టు తిరగేసి తారీఖు చూసి, పక్కన పెట్టి, నా ముఖంలోకి చూసింది.

"నీ తారీఖు నాకు తెల్వదా సారూ? ఆ గ్లాసు తాగిన్నాడే అయిపోయింది."

అని లేచి లోపలికి పోయి, నాకు టీ పెట్టింది.